బొరుసు వైపు

బొమ్మ వాళ్ల వైపు, బొరుసు నా వైపు. వ్యానులో ముందు సీట్లో మా ఆవిడ రోజారమణి, స్టీరింగు దగ్గర బెన్ని, వాళ్ల వీపుల వెనక నాలుగడుగుల తైలవర్ణ చిత్రం, దాని వెనక నేను; అంటే నాలుగడుగుల నూనెకి అయిదున్నర అడుగుల వత్తి. మధ్య సీటు పీకేసి పటాన్ని అడ్డంగా ఇరికించారు, అది పడకుండా పట్టుకోవటానికి నన్ను ఇరికించారు, నందిగామ దాటి హాయిగా వస్తున్నాం, చిల్లకల్లు ఇంకాస్త దూరం ఉందనగా ముందెక్కడో సిమెంటు లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా పడుకుని జిల్లాలో సగాన్ని ఇరికించింది. పక్క తలుపు జరగదు, ఫ్రేము మూల సరిగ్గా దాని గొళ్లేనికి గుచ్చుకుని ఆగింది. వెనక తలుపు బయటి నుంచి తప్ప తెరుచుకోదు, బయట ఇంకో లారీ మా బంపరుని వాసన చూసేంత దగ్గరగా నిలబడింది. చిత్రం తెచ్చుకుందామని బయల్దేరితే చిత్రవధ అయింది. ఈ ముక్క పైకి అనొచ్చు. మామూలు రోజయితే అనేసి, బెన్ని నవ్వేదాకా ఆగి, నవ్వకపోతే విడమరిచి చెప్పి మరీ నవ్వించేవాణ్ణి. జగ్గయ్యపేటలో సతీష్ అని బోర్డు మీద నా పేరే ఉన్న పటాల కొట్టుకి జనం ఫ్రేముల కోసం సగం, నా నోటి కోసం సగం వస్తారు. పటాలు మేకు కొడితే ఆగుతాయి, ఈయన్ని ఆపే మేకు ఇంకా తయారవలేదు అని మా ఆవిడ అంటుంది. ఇవాళ తయారైంది. నందిగామ నుంచీ నా నోరు మూతపడి ఉంది, దాని వెనక ఒక మాట, పటం వెనక నాలాగే, మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది.

వీపు చూడటం నా వృత్తి. పాత నూనె బొమ్మ కొనేవాడు మొహం చూసి మోజుపడకూడదు, ముందు తిప్పి వీపు చూడాలి, పెళ్లిచూపులకి పూర్తిగా తిరగేసిన శాస్త్రం ఇది. గుడ్డని చట్రానికి స్టేపిల్ పిన్నులతో కొట్టి ఉంటే నిన్నటి సరుకు. చేత్తో కొట్టిన మేకులైతే మొన్నటిది. ఆ మేకు తుప్పు గుడ్డలోకి దిగి టీ మరకలా పాకి ఉంటే అది మన నాన్నల మొన్న. వాసన చూడాలి; కొత్త రంగు ముక్కు మీద గుద్దుతుంది, పాతది ట్రంకుపెట్టెలా ఊరుకుంటుంది. భూతద్దంలో చుక్కలు చుక్కలుగా కనపడితే అచ్చు, గీతలుగా కనపడితే చెయ్యి. ఈ మధ్య అచ్చు మీద జిగురు పూసి కుంచె పెట్టినట్టు గీతలు తేలుస్తున్నారు, వెలుతురుకి వాల్చి చూస్తే బండారం బయటపడుతుంది, గీత ఒకవైపు పోతుంది, ముక్కు ఒకవైపు పోతుంది. ఇప్పుడు నా ముక్కుకి జానెడు దూరంలో ఉన్న ఈ వీపుకి ఏ వంకా లేదు. చేతి మేకులు, టేకు చట్రం, పొగాకు రంగుకి తిరిగిన గుడ్డ, వానాకాలం గుడ్డ వదులైతే బిగించుకోవటానికి నాలుగు మూలలా చిన్న చెక్క చీలలు. ఎవరు ఏ పరీక్ష పెట్టినా నిలబడుతుంది. చిత్రం నిజం. చిత్రంలో మనిషే అబద్ధం.

"ఏవండీ, అమ్మ కదలకుండా ఉందా?" అంది రోజా ముందు నుంచి.

"మీ అమ్మ కదలదు. పట్టుకునే ఉన్నా."

"సార్, మీరు పటం వెనక నుంచి మాట్లాడతంటే పెద్దమ్మగారే మాట్లాడినట్టుందండి," అన్నాడు బెన్ని. "అద్దంలో చూస్తే వెనక బండి కనపట్లేదు, ఆవిడే కనపడతన్నారు. నా డ్రైవింగు మీద నమ్మకం లేనట్టు చూస్తన్నారండి."

"మా అమ్మ చూపే అంత," అంది రోజా. ఆ గొంతులో గర్వం ఎంత ఉందంటే, దాని బరువుకి పటం ఇంకాస్త నా మోకాళ్ల మీదికి ఒరిగినట్టనిపించింది. తల్లి సీతారత్నం జ్వరంతో పోయేనాటికి రోజా ఇంకా మాటలు కూడబలుక్కుంటున్న పిల్ల. తల్లి గురించి దానికి ఉన్నదల్లా ఈ పటమే. సెలవులకి నందిగామలో మేనమామ జగన్నాథరావుగారింటికి వెళ్లటం, హాల్లో ఎత్తున వేలాడుతున్న ఈ మొహం కింద మెడ నొప్పి పుట్టేదాకా నిలబడటం, ఇంటికొచ్చి అద్దం ముందు పంపకాలు చేసుకోవటం, ముక్కు అమ్మది, నుదురు అమ్మది, చెవులు మాత్రం నాన్నవి అని. మా పెళ్లయిన కొత్తలో నన్నూ తీసుకెళ్లి దీని ముందు నిలబెట్టి దణ్ణం పెట్టించింది. అందరి అత్తగార్లూ అల్లుడికి నూనెలో గారెలు వేయిస్తారు, నా అత్తగారినే నూనెలో వేయించారు అన్నాను. నవ్వుతుందనుకున్నాను. దాని కళ్లలో నీళ్లు చూసి, ఈ ఒక్క గోడ మీద నా మాటలకి మేకు లేదని తెలుసుకున్నాను. ఇప్పుడు ఆ ఇల్లు పడగొట్టి అపార్టుమెంటుకి ఇస్తున్నారు, గోడే పోతున్నప్పుడు పటం ఎక్కడ పెట్టాలని మావయ్యగారు ఫోన్ చేస్తే, రోజా ఫోన్ పెట్టకముందే బెన్నికి చెప్పేసింది, బండి తీయమని.

జామకాయల వాడు కిటికీ దగ్గరికొచ్చాడు. జామ్‌లో జామకాయలు, ఇది కూడా అనొచ్చు, అనలేదు. బెన్ని రెండు కొన్నాడు, ఉప్పూకారం పెట్టించి ఒకటి పటం పక్క సందులోంచి నాకు అందించబోయాడు, చెయ్యి పట్టలేదు, కారం మాత్రం వచ్చి నా కంట్లో పడింది. కంట్లో నీళ్లు వస్తే తుడుచుకోవటానికి చెయ్యి ఖాళీ లేదు. కుడిచేత్తో చట్రం, ఎడమచేత్తో చట్రం. ఇలాంటి చట్రంలోనే కూర్చోబెట్టి ఉంటారు ఆ పిల్లని, చేతులు ఇక్కడ పెట్టు, గడ్డం ఇలా ఎత్తు, ఏడవకు, కదలకు. వద్దు, అటు వెళ్లకు. బుద్ధిని ఇటు తిప్పు. ముందు తలంటు సంగతి.

తలంటు. పొద్దున మావయ్యగారింట్లో పటం కిందికి దింపించగానే చెయ్యి వేసి చూస్తే జిడ్డు, వేలు పెడితే వేలు జారింది. ఇదేంటండీ అంటే ఆయన పంచె సర్దుకుంటూ, "ఆయిల్ పెయింటింగు గదోయ్ అల్లుడూ, ఆయిల్ ఎండిపోతే దెబ్బతినదూ? అందుకని ఏటా దీపావళికి తలంట్లప్పుడు దీనికీ మంచి నువ్వుల నూనె పట్టిస్తన్నాం. ఒక్క ఏడు తప్పలేదు" అన్నారు, కారుకి సర్వీసింగు చేయించే జాగ్రత్తపరుడిలాగా. నూనె బొమ్మ అన్న మాటని నందిగామలో ఇన్నేళ్లుగా అక్షరాలా అమలు చేశారు. బొమ్మలోని నూనె ఎప్పుడో ఎండి రాయైపోయి ఉంటుందండీ, పైన పూసిన నూనె ఎండదు, అగరొత్తి పొగనీ దుమ్మునీ పిలిచి పీట వేసి కూర్చోబెట్టుకుంటుంది అని చెబితే, "మరి నువ్వు ముందెప్పుడూ చెప్పలేదే?" అన్నారు. నుదుటి మీద ఏటికేడు పెట్టిన కుంకుమ బొట్టు వేలిమందాన పెళ్లలు కట్టి ఉంది. మొహం మొత్తం బెల్లప్పాకం రంగు. రోజా నా పక్కనే నిలబడి, "శుభ్రం చేస్తారా, అమ్మ తెల్లగా ఉండేదంట" అంది. నేను పుల్లకి దూది చుట్టి నోట్లో తడపటం చూస్తూ నిలబడి, మావయ్యగారి ఆవిడ వంటింట్లోకి పిలిస్తే వెళ్లింది.

పాత బొమ్మని నీళ్లతో కడగకూడదు, సబ్బు అసలు కూడదు, తడిగుడ్డ కూడదు. దూది పుల్లకి చుట్టి, నోట్లో పెట్టి తడిపి, ఉమ్మితో, అంగుళం అంగుళం, నొక్కకుండా దొర్లించాలి. దేశదేశాల్లో పెద్దపెద్ద మ్యూజియాల్లో కూడా ఇదే మందు. ఉమ్మడి ఆస్తికి ఉమ్మే మందు అని మావయ్యగారితో అన్నాను, ఆయన పెద్దగా నవ్వారు, అదే ఇవాళ్టికి నా ఆఖరి జోకు అవుతుందని తెలియదు. ముందు అంచుల్లో చేశాను, మురికే వచ్చింది గానీ రంగు రాలేదు, పర్వాలేదు అనుకుని గడ్డం దగ్గర మొదలుపెట్టాను. దూది గోధుమరంగు, దూది నల్లన, దూది గోధుమరంగు, కింద నుంచి పసిమి రంగు చర్మం తేలింది. దాని మధ్య ఒక చుక్క. ఈగ రెట్ట అనుకున్నాను, పాత బొమ్మలకి మామూలే. ఇంకాస్త దొర్లించాను. రెట్టయితే పోతుంది, ఇది పోను పోను పచ్చబడింది. గడ్డానికి కాస్త ఎడంగా, ఆవగింజకంటే పెద్దది, శనగగింజకంటే చిన్నది, పచ్చబొట్టు. ఆ చుక్కని నేను రోజూ చూస్తున్నాను. మా ఇంట్లో, టీవీ ముందు మంచం మీద, కమలాకుమారి అత్తయ్యగారి గడ్డం మీద. ఒకే ఒక్క చుక్క నాకు పట్టపగలు చుక్కలు చూపించింది.

కమలాకుమారి, సీతారత్నానికి స్వయానా చెల్లెలు. అక్క పోయాక బావకిచ్చి చేశారు. అంటే రోజాకి తల్లి చెల్లెలు గనకా పిన్నే, తండ్రి రెండో భార్య గనకా పిన్నే. రెండు బంధుత్వాలకి తెలుగు ఒకటే మాటతో సరిపెట్టింది, పొదుపు భాష. రోజాకి మాత్రం ఆ మాటలో చివరి అక్షరం ఎప్పుడూ వినపడలేదు, పిన్ను ఒక్కటే గుచ్చుకుంది. ఆవిడకి పిల్లలు లేరు. మామగారు పోయాక మా దగ్గరే ఉంటోంది. ఇద్దరికీ రోజూ గొడవే, చింతపండు నానబెట్టటం దగ్గర, మోటారు ఆపటం దగ్గర, సీరియల్ సౌండు దగ్గర. కానీ అవన్నీ కొమ్మలు, వేరు ఒక్కటే. మామగారు బతికుండగా ఈ పటాన్ని పేటకి తెస్తానంటే కమలాకుమారి అడ్డుపడింది. ఆ మనిషి నోరెత్తి మొగుడికి ఎదురు చెప్పింది ఆ ఒక్కసారేనట. చచ్చిపోయిన అక్క బొమ్మని కూడా ఓర్చుకోలేని మనిషి అని పదేళ్ల రోజా ఆ రోజే తీర్పు రాసేసింది, మళ్లీ విచారణ లేదు. మొన్న ఈ పటం వస్తోందని, అదీ సరిగ్గా తన మంచానికి ఎదురుగోడకి పెడతారని తెలిసి ఆవిడ చేస్తున్న పని ఆపి, "అది గుమ్మం దాటి లోపలికొస్తే నేను గుమ్మం దాటి బయటికి పోతా. పెనుగంచిప్రోలులో ఏ సత్రంలోనన్నా పడుంటా" అంది. "పో. ఎవరు పట్టుకున్నారు" అంది రోజా. నేను అప్పుడు కూడా ఏదో అన్నాను. సత్రం, చిత్రం అని ప్రాస కుదిరింది. ఇద్దరూ నవ్వలేదు.

"ఏంటోయ్, అంత పరీక్షగా చూస్తన్నావు?" అన్నారు పొద్దున మావయ్యగారు, నేను పుల్ల పట్టుకుని అలాగే ఉండిపోతే.

"పెద్దత్తయ్యగారికి గడ్డం మీద పచ్చబొట్టు ఉండేదాండీ?"

"సీతారత్నానికెక్కడిది, చిన్నదానికే. పొడిపించుకొచ్చిందని నాయన చేతిలో తన్నులు కూడా," అంటూ దగ్గరికొచ్చి చూసి నోరు మూసుకున్నారు. వంటింటి వైపు చూశారు. రోజా నవ్వు వినపడుతోంది. ఆయన కుర్చీ లాక్కుని, నాకు దగ్గరగా కాదు, పటానికి దగ్గరగా కూర్చున్నారు.

"పెద్దదానికి ఫొటో లేదోయ్. పెళ్లి ఫొటో ఉంది గానీ తలొంచుకుని కూచుంది, పాపిడి తప్ప ఏం కనపడదు. పోయాక బొమ్మ వేయిద్దామని బెజవాడ నుంచి పెయింటర్ని పిలిపించాం. పాపిడి చూసి మొహం ఎట్టా వెయ్యాలండీ అన్నాడు. అక్కాచెల్లెళ్లే గదా, పోలిక ఉంటది గదా అని మా అమ్మ కమలని కూచోబెట్టింది. పెద్దదాని పట్టుచీర కట్టించి, దాని నగలే పెట్టించి. ఇదేమో ఏడుపు. ఏడిస్తే మొహం ఉబ్బుద్ది, నాకు కుదరదని ఆ పెయింటరు కసిరేవాడు. ఉన్నదున్నట్టు చుక్కతో సహా వేసేశాడు, పైన మసి పట్టాక మేమూ మర్చిపోయాం."

"తర్వాత?"

"తర్వాతేముంది. బొమ్మ అయ్యాక మీ మామగారొచ్చి చూసి నిలబడిపోయాడు. అచ్చం మనిషే అన్నాడు. నాయన ఆ మాట పట్టుకున్నాడు. పసిపిల్లకి తల్లి కావాలి, మనింట్లోనే ఉంది గదా అన్నాడు. కమలని అడిగిందెవరు." ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "రోజాకి చెప్పమాక. తల్లి మొహం ఒకటుందనుకుని బతికింది. ఇప్పుడది కూడా తీసేస్తే ఏం మిగులుద్ది దానికి."

బెన్ని ఇంజను ఆపేశాడు. ఇంజనుతో పాటు ఏసీ. పటం వెనక గాలి అట్టలా గట్టిపడింది, చెమట మెడ మీద నుంచి వీపు మీదికి దిగుతోంది, నా వీపు కూడా పొగాకు రంగుకి తిరుగుతుందేమో, ఏదో ఒకరోజు ఎవరో తిప్పి చూసి, ఇది పాతదే, మంచి సరుకే, నోరు మాత్రం తర్వాత ఎవరో మూసేశారు అంటారేమో. కన్నతల్లి కాదు రోజా, కాన్వాసు తల్లి. ఇలా చెబితే? నవ్వులాటలాగా మొదలుపెట్టి మెల్లగా అసలు విషయంలోకి దింపితే? మారుతల్లి అంటారు కదా సవతితల్లిని, నీకు నిజంగానే తల్లి మారింది, మారి నీ కళ్లెదుటే గోడకెక్కింది. ఛీ. మాటకి మాట అతుకుతోంది, మనిషికి మనిషి అతకటం లేదు. గోడ మీద ఉన్నంతకాలం ఆవిడ గోడు ఎవరికీ వినపడలేదు. నందిగామ వెళ్లిన ప్రతిసారీ కమలాకుమారి హాల్లో కూర్చునేది కాదు, పెరట్లోనే, బావి గట్టు మీదే, భోజనం కూడా అక్కడికే తెచ్చుకునేది; పుట్టింట్లో కూడా కలవని మనిషి అని రోజా వెక్కిరించేది. హాల్లో తన మొహానికి దండ వేసి, బొట్టు పెట్టి, ఏటా తద్దినం రోజున తన ముందే కొబ్బరికాయ కొడుతుంటే ఏ మనిషి కూర్చుంటుంది. బతికుండగానే గోడకెక్కిన మనిషి. పద్దెనిమిదేళ్ల పిల్ల ఒక చట్రంలో కూర్చుంటే, చట్రాన్ని తెచ్చి పెళ్లిపీటల మీద పెట్టారు, అక్కడ నుంచి వంటింట్లో, అక్కడ నుంచి మా టీవీ ముందు మంచంలో. నేను ఇక్కడ ఓ పూట ఇరుక్కుని అల్లాడుతున్నాను.

చెబితే రోజాకి తల్లి ఉండదు. చెప్పకపోతే కమలాకుమారికి ఇల్లుండదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నవాడికి ఈ వ్యాను తెలియదు, ముందు అత్తయ్య వెనక లారీ.

రోజా ఫోన్ మోగింది. పిన్ని ఫోన్లో ఎప్పుడూ అరిచినట్టే మాట్లాడుతుంది, పటం వెనక్కి కూడా వినపడింది.

"రాత్రికి బియ్యం ఎన్ని పొయ్యమంటా?"

"మేమొచ్చి వండుకుంటాంలే. నీ పని నువ్వు చూసుకో."

"నా పనైపోయింది. సంచీ సర్దుకున్నా. వంకాయకూర ఫ్రిజ్‌లో పెట్టా, సతీష్‌బాబుకి ఉప్పు తక్కువేసి."

"ఊఁ."

"అది వస్తందా?"

"వస్తంది. దార్లో ఉంది."

అటువైపు టీవీ సౌండు తగ్గింది. "సరే. సందు మలుపు తిరిగాక ఓ ఫోను కొట్టు. దానికి నేను ఎదురు రాకూడదు," అని పెట్టేసింది.

"చూసారా, ఎంత పొగరో," అంది రోజా నాతోనో, పటంతోనో. "విధవనని, ఎదురు రానని సాకు. అమ్మ ఎదురుపడితే తట్టుకోలేదు, అదీ అసలు సంగతి." బెన్ని గొంతు సవరించుకున్నాడు. "పెద్దోళ్లు గదండి, పోనివ్వండి," అన్నాడు. "నా ముక్కు చూడు బెన్నీ, అద్దంలో మా అమ్మ ముక్కు చూడు," అంది రోజా, ఆ మాటలన్నీ తుడిచేస్తూ. "అచ్చుగుద్దినట్టుందండి," అన్నాడు బెన్ని. అచ్చు. భూతద్దం పెట్టక్కర్లేదు, చుక్క కనపడుతూనే ఉంది, నేనే చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

పొద్దు వాలుతోంది. మా బండి మొహం పడమటి వైపు, ముందద్దంలోంచి ఎండ తిన్నగా లోపలికొచ్చింది. నాకు కనపడేది చట్రం చుట్టూ సన్నటి బంగారు గీత ఒక్కటే, కానీ అంత ఎండ అవతల మొహం మీద ఎలా పడుతోందో నాకు తెలుసు. జిడ్డు మీద ఎండ పడితే జిడ్డు మెత్తబడుతుంది, రంగు పొంగుతుంది. పాత నూనె బొమ్మని పొయ్యి దగ్గరా, దీపం దగ్గరా, ఎండలోనూ ఉంచకూడదు. ఇరవై ఏళ్లుగా మా కొట్టుకి వచ్చిన వాళ్లందరికీ చెప్పే మాట, అలవాటుగా నోటికొచ్చేసింది.

"రోజా, ఎండ పడుతోంది. మొహం మీద నీ చున్నీ ఏదన్నా కప్పు."

చున్నీ తీసిన చప్పుడు. సీటు తిరిగిన చప్పుడు. తర్వాత ఆగిపోయిన చప్పుడు.

"ఏవండీ, గడ్డం మీద ఈ మరకేంటి?"

"ఈగ రెట్టయి ఉంటుంది," అన్నాను. "పాతవాటికి మామూలే. వదిలెయ్."

"అమ్మ మొహం మీద రెట్టేంటండీ, అసయ్యంగా." చున్నీ కొస నోట్లో పెట్టి తడుపుకుని ఉంటుంది, పొద్దున నేను దూది తడపటం చూసింది కదా. నా కళ్ల ముందు గుడ్డ మీద, చెక్క చీలకి జానెడు పైన, చిన్న బుడిపె లేచింది. రోజా వేలు. బుడిపె అటూ ఇటూ తిరుగుతోంది. ముందు నుంచి అలా నొక్కితే రంగు పగులుతుంది, పెళ్లలూడుతుంది, ఇంకెవరి చెయ్యయినా ఈపాటికి అరిచి గోల చేసేవాణ్ణి. నా రెండు చేతులూ చట్రం మీద, మాట నోట్లోనే. బుడిపె గబగబా తిరిగింది, మెల్లగా తిరిగింది.

"పోవట్లేదండీ," అంది. "ఇంకా పచ్చగా వస్తంది."

బుడిపె ఆగింది. గుడ్డ సర్దుకుని చదునైంది. వెనక లారీవాడు హారన్ కొట్టాడు, ముందున్న బండ్లన్నీ వాడికి జవాబు చెప్పాయి, తర్వాత అన్నీ అలిసిపోయాయి. మళ్లీ బుడిపె లేచింది, అదే చోట. ఈసారి తుడవటం కాదు. ఒక్కసారి మెత్తగా నొక్కి వదిలింది. మళ్లీ నొక్కింది.

"ఇది నొక్కితే నాలుక బయటపెట్టేది," అంది రోజా. గొంతు దానిది కాదు, ఎక్కడో చాలా చిన్నపిల్లది. "నేను అన్నం తినకపోతే. స్విచ్చి నొక్కవే అనేది. నొక్కితే నాలుక బయటికి, వదిలితే లోపలికి. అప్పుడు నవ్వేదాన్ని, నోట్లో ముద్ద పెట్టేసేది." బెన్ని అద్దంలో చూడటం మానేసి ఉంటాడు.

"మీకు తెలుసా?"

"పొద్దున తెలిసింది."

"మావయ్యకి?"

"మొదట్నుంచీ. మీ అమ్మకి ఫొటో లేదంట. పిన్నిని మీ అమ్మ చీరలో కూర్చోబెట్టి వేయించారంట. అది చూసే మీ నాన్నకిచ్చి చేశారంట." ఇంత పెద్ద సంగతి ఇన్ని చిన్న మాటల్లో, ఒక్క మెలికా లేకుండా నా నోట్లోంచి రావటం నాకే వింతగా ఉంది. పటం వెనక నుంచి వెళ్లిన మాటలు అవి. దానికి అవతల ఆ మొహమే చెప్పినట్టు వినపడి ఉంటాయి.

రోజా ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నేను కనిపెట్టలేని, మావయ్యగారు కూడా ఆలోచించని ప్రశ్న అడిగింది.

"మరి మా అమ్మ ఎట్టా ఉండేదండీ?"

మావయ్యగారు తోడబుట్టినవారే, అడిగితే పాపిడి చూపించి, పోలిక ఉంటది గదా అంటారు. మామగారు లేరు, తాతగారు, అమ్మమ్మగారు ఎప్పుడో లేరు. అక్క పక్కలో పడుకుని, అక్క చేత జడ వేయించుకుని, ఆ ముక్కు ఎక్కడ వంకర తిరిగేదో, నవ్వితే ఏ పన్ను కనపడేదో తెలిసినవాళ్లు లోకంలో ఒక్కరే మిగిలారు. ఆవిడ ప్రస్తుతం సంచీ పక్కన పెట్టుకుని సందు మలుపు వైపు చెవి ఒగ్గి కూర్చుంది. ఇది నేను అనలేదు. అనే అవసరం రాలేదు.

"బెన్నీ, ఆ లారీ దాకా ఎంత దూరం ఉంటది?"

"ఓ కిలోమీటరు ఉంటదండి. అది దాటితే ఆటోలు దొరుకుతయ్. కానీ ఇది క్లియరయ్యేదాకా కూచోండమ్మా, ఎండలో ఎక్కడికి."

ముందు తలుపు తెరుచుకుంది. లారీల పొగ, వేడి, ఎవరో ఎవర్నో తిడుతున్న కేక, అన్నీ ఒక్కసారి లోపలికొచ్చాయి. తలుపు పడింది. "రోజా," అన్నాను. "రోజా, ఆగు, నేనూ వస్తా." లేవబోయాను. మోకాళ్లు చట్రానికి కొట్టుకున్నాయి, నా వెనక సీటు నన్ను వెనక్కి లాగి కూర్చోబెట్టింది. పక్క తలుపు గొళ్లేం మీద చెయ్యి వేశాను, ఫ్రేము మూల ఇంకా గట్టిగా గుచ్చుకుంది. పటాన్ని వదిలి నెట్టాలంటే పటం పడుతుంది, పడితే ముందు గేరు రాడ్డు మొహంలో దిగుతుంది. వదల్లేదు. ఇంతసేపూ పట్టుకున్నది అత్తగారి బొమ్మని, ఇప్పుడు పట్టుకున్నది మనిషిని అనిపించింది.

"బెన్నీ, ఎటు పోతంది?"

"పేట వైపేనండి. లారీల సందులోంచి."

"ఫోన్ చేస్తందా?"

"లేదండి. ఫోను ఇక్కడే సీట్లో వదిలేసారు." తల కిటికీలోంచి బయటపెట్టినట్టున్నాడు, గొంతు దూరమైంది. "చెప్పులు తీసి చేత్తో పట్టుకున్నారండి." సీట్లోంచి పైకి లేచిన చప్పుడు. "సార్, అమ్మగారు పరిగెడతన్నారండి."

నాకు మేకులు కనపడుతున్నాయి, తుప్పు కనపడుతోంది, గుడ్డ నేత కనపడుతోంది. పెళ్లయిన ఇన్నేళ్లలో రోజా పరిగెత్తటం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

"కనపడినంతసేపు చెబుతూ ఉండు బెన్నీ," అన్నాను.